అమ్మను మద్రాసు తిప్పుకొచ్చాం

నెల్లూరోళ్లకి మద్రాసు పరాయి ఊరేం కాదు. పెళ్లి పట్టుచీరలకు మద్రాసే, పెద్ద జబ్బు చేస్తే మద్రాసే. మా అమ్మకు మాత్రం ఈమధ్య రెండోదే మిగిలింది. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషనయింది, ఆ తర్వాత చెకప్పులు. ఆ ఊరంటే ఆమెకు ఒక లిఫ్టు, ఒక కారిడారు, మందుల కౌంటర్ ముందు క్యూ. మోకాళ్లు అంతకుముందే అరిగిపోయున్నాయి. నెల్లూరు మూలాపేటలో, ఇంటి వరండాలో మిషను పెట్టుకుని నలభై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. కాళ్లు సహకరించకపోయినా చేతుల్లో సత్తువ తగ్గలేదు. వాకర్ పట్టుకుని పది పదిహేను అడుగులు వేస్తుంది. అంతకు మించితే వీల్‌చైర్.

"ఒక్కసారన్నా ఆస్పత్రి గుమ్మం తొక్కకుండా మద్రాసు చూసి రావాల" అని సంక్రాంతి నాడు అన్నది. ఎండలు ముదరకముందే ఫిబ్రవరిలో బయల్దేరాం: అమ్మ, నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే మా బాబు.

గురువారం, టీ నగర్

లాడ్జికి ఫోన్ చేసినప్పుడు "వీల్‌చైర్‌కి ఏ ఇబ్బందీ లేదు మేడం, లిఫ్టుంది" అన్నారు. లిఫ్టు ఉంది. ఆ లిఫ్టు దాకా పోవాలంటే వాకిట్లో ఐదు మెట్లున్నాయి. వాచ్‌మన్ పరిగెత్తుకెళ్లి ఒక ప్లైవుడ్ చెక్క తెచ్చి మెట్ల మీద వేశాడు. అది నిచ్చెనలా నిలబడింది. ఆయన, మా ఆయన చెరో పక్క పట్టి కుర్చీతో సహా అమ్మను లేపి పైన పెట్టారు. అమ్మ కళ్లు మూసుకుని రెండు చేతులూ ఒళ్లో బిగించుకుంది. ఎవరన్నా తనను లేపిన ప్రతిసారీ ఆమె అట్లాగే చేస్తుంది.

గదిలోకి వెళ్లాక చేతిసంచిలోంచి టేపు తీసింది. కొలతలు తీసుకునే గుడ్డ టేపు, ఎక్కడికెళ్లినా ఆమెతోనే ఉంటుంది. బాత్రూం తలుపుకు అడ్డంగా పట్టమని నాకిచ్చింది. ఇరవై రెండు అంగుళాలు. కుర్చీ ఇరవై ఐదు. "లోపలి కుట్లు విప్పినా పట్టదు పాపా" అన్నది.

మేనేజరు గూడూరు కుర్రాడు. గొడవ పెట్టుకోకుండా డబ్బులు వెనక్కిచ్చేసి, పక్క వీధిలో ఇంకో హోటలుకు తనే ఫోన్ చేశాడు. "అక్కా, అక్కడ తలుపు ముప్పై ఉంటుంది, గడప లేదు, కమోడ్ పక్కన పట్టుకోను కడ్డీ ఉంది" అని అన్నీ చెప్పి పంపాడు. మొదటిది రోజుకు రెండు వేల నాలుగొందలు, ఇది మూడు వేల రెండొందలు. ఆ తేడా ఇచ్చినందుకు ఒక్క పూట కూడా బాధపడలేదు. వీల్‌చైర్‌లో ఉండే మనిషితో ప్రయాణం పెట్టుకునేవాళ్లు "సదుపాయం ఉందా" అని అడగొద్దు. ఉందనే అంటారు. బాత్రూం తలుపు ఎన్ని అంగుళాలు, వాకిట్లో మెట్లు ఎన్ని, గడప ఉందా, ఈ మూడూ అడిగి ఒక ఫొటో పంపమనండి.

ట్యాక్సీల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాలా కార్లకు డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉంటుంది. మడిచిన వీల్‌చైర్ అందులో పట్టదు. మొదటి రెండు కార్లు అట్లాగే వెనక్కి పోయాయి. తర్వాత్నుంచి బుక్ చేయగానే డ్రైవర్‌కి ఫోన్ చేసి "డిక్కీ ఖాళీగా ఉందా" అని అడగడం బాబు పనయింది. వాడికి తమిళం రాదు, అయినా "డిక్కీ, సిలిండర్, వీల్‌చైర్" అనే మూడు మాటలతో నెట్టుకొచ్చాడు.

సాయంత్రం పానగల్ పార్కు దగ్గర దిగాం. కాళహస్తిలో పుట్టి 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజా పేరు ఆ పార్కుది. టీ నగర్‌లో టీ అంటే త్యాగరాయ, జస్టిస్ పార్టీ పెట్టినవాళ్లలో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి. ఇద్దరూ తెలుగువాళ్లే. బాబుకు ఇది చెబితే "అయితే మనూరే కదమ్మా" అన్నాడు. వాళ్ల అమ్మమ్మ చాలా సంతోషించింది.

పాండీ బజారులో 2019లో ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు. రాయి నున్నగా పరిచి ఉంది, చెట్ల కింద కూర్చోను బల్లలున్నాయి. అక్కడ అమ్మ వెనక్కి చూడకుండానే "వదులు" అన్నది. మా ఆయన చేతులు తీసేశారు. చక్రాలు తనే తిప్పుకుంటూ ముందుకు పోయింది. ప్రతి బట్టల షాపు అద్దం ముందూ ఆగి, బొమ్మలకు తొడిగిన జాకెట్ల మెడలు చూసి, ఆ వంపు ఎట్లా తీశారో తనలో తనే చెప్పుకుంది. మేం నలభై అడుగుల వెనక నడిచాం. మధ్యలో ఫుట్‌పాత్ మీదికి ఎక్కే వాలు దగ్గర ఒక స్కూటర్ అడ్డంగా ఉంది. మేం చేరుకునే లోపు గాజులమ్మే ఆవిడ లేచొచ్చి స్కూటర్‌ను పక్కకు లాగేసి, అమ్మతో తమిళంలో ఏదో అంది. అమ్మ తెలుగులో జవాబు చెప్పింది. ఇద్దరూ తలలూపుకున్నారు. డజను గాజులు నూట ఇరవైకి కొనకుండా అమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు.

శుక్రవారం, మైలాపూరు

ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుకని ఆ రోజు మైలాపూరు పెట్టుకున్నాం. టిఫిన్ నుంచే మొదలుపెడతాను. పొంగలి మీద నెయ్యి కారుతూ ఉంది, పక్కన గొత్సు, కరకరలాడే మెదువడ. సాంబారు మన కారానికి చప్పగానే అనిపిస్తుంది, అమ్మ ఊరగాయ సీసా తీసి టేబుల్ మీద పెట్టింది. సర్వర్ ఏమీ అనలేదు సరికదా, ఆ వాసనకు "ఆంధ్రా?" అని నవ్వి కొంచెం అడిగి తీసుకుపోయాడు. తిరిగొచ్చేటప్పుడు అమ్మకు మాత్రం ఒక గరిటె పొంగలి ఎక్కువ వేశాడు. కాఫీ డబరాలో నురగతో వచ్చింది. నలుగురికీ కలిపి నాలుగొందల ఇరవై.

కపాలీశ్వరుడి గుడి ముందు శుక్రవారం జనం ఎట్లా ఉంటారో చెప్పక్కర్లేదు. పార్వతీదేవి నెమలి రూపంలో పున్నాగ చెట్టు కింద శివుణ్ణి కొలిచిన చోటు. ఇప్పుడున్న ఎత్తైన తూర్పు గోపురం 1906 నాటిది. అమ్మ కుర్చీలోనే తల వెనక్కి వాల్చి, నీలం, పసుపు, ఎరుపు రంగుల బొమ్మలన్నీ అంతస్తు తర్వాత అంతస్తుగా చూస్తూ పోయింది. ఆ జనంలో వీల్‌చైర్ లోపలికి తోసుకెళ్లడం కుదరదని తెలుస్తూనే ఉంది. పూలకొట్టు అబ్బాయి, ఇంకో ఇద్దరు మనుషులు ముందుకొచ్చారు. "అమ్మా, మేం తూక్కుని పోతాం, అంజు నిమిషం" అన్నారు, ఎత్తుకుపోతాం, ఐదు నిమిషాలే అని. మంచి మనసుతోనే అడిగారు, డబ్బు కోసం కాదు.

అమ్మ చేతులు జోడించి వద్దంది. వాళ్లు వెళ్లాక నాతో అన్నది: "పాపా, ఆపరేషనయినప్పట్నుంచి నన్ను ఎత్తని మనిషి లేడు. మీ ఆయన ఎత్తాడు, ఆస్పత్రి బాయ్‌లు ఎత్తారు, పక్కింటోళ్లు ఎత్తారు. అందరూ మంచోళ్లే. కానీ ఎత్తించుకునేటప్పుడు నేను మనిషిని కాదు, బియ్యం మూటని. దేవుడి ముందుకి మూట లాగా పోనులే."

నాకు జవాబు రాలేదు. ఇన్నాళ్లూ ఎత్తుకుని ఎక్కడికైనా తీసుకెళ్లడమే ప్రేమ అనుకున్నవాళ్లం మేమంతా. ఆమె గోపురానికి దణ్ణం పెట్టుకుంది. కోనేటి గట్టు పక్కన, నీడపట్టున చాలాసేపు కూర్చున్నాం. నీళ్ల మీద గోపురం నీడ కదులుతుంటే కొంగ ఒకటి మెట్టు మెట్టూ దిగుతోంది. మాడవీధిలో రోజ్ మిల్క్ తాగాం, చిక్కగా, మరీ తీపిగా. బాబు రెండు గ్లాసులు పట్టించాడు.

అక్కణ్ణుంచి పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనానికి పోవాలి. దగ్గరే కదా అని, కుర్చీ మడిచి సీటు వెనక ఇరికించి రెండు ఆటోలు మాట్లాడాం. "శ్రీరాములు స్మారకం" అని చెప్పాను. అమ్మ, నేను ఎక్కిన ఆటో అతను తలూపి సర్రున బీచ్ రోడ్డు పట్టాడు. ఎడమకు తిరగాల్సింది కుడికి తిరుగుతున్నామని అనుమానమొచ్చేలోపే అన్నాదురై సమాధి ముందు ఆపాడు. స్మారకం అంటే ఆ ఊళ్లో ముందు గుర్తొచ్చేది అదే, అతని తప్పేం లేదు. "అమ్మా, ఇదు ఇల్లయా?" (ఇది కాదా) అని అతనే నొచ్చుకున్నాడు. మా ఆయన ఫోన్లో దారి చెబితే, రాయపేట హైరోడ్డుకు మళ్లీ తీసుకొచ్చి ముందు ఒప్పుకున్న నూట యాభైకి మించి పైసా తీసుకోలేదు. నేనే ఇంకో యాభై బలవంతాన జేబులో పెట్టాను.

నెల్లూరు నుంచి మద్రాసుకు వచ్చేవాళ్లు ఇన్ని వేలమంది ఉన్నా, ఈ ఇంటికి వచ్చేవాళ్లు తక్కువ. ఇది అప్పట్లో స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. 1952 అక్టోబర్ 19న శ్రీరాములు గారు ఇక్కడే నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58వ రోజున, డిసెంబర్ 15 రాత్రి ఇక్కడే ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు, 1953 అక్టోబర్ 1న అది వచ్చింది. మా జిల్లాకు ఆయన పేరు పెట్టింది 2008లో.

అమ్మకు మాత్రం ఆయన పాఠం పుస్తకంలో మనిషి కాదు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహార దీక్ష చేసింది మా వీధికి నాలుగు వీధుల అవతలే. మెడలో అట్ట మీద రాసిన మాటలు వేలాడదీసుకుని, చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో తిరిగేవాడని మా తాత చూసి చెప్పాడు. పిచ్చోడని పిల్లలు వెంటపడేవాళ్లంట. మా తాత కూడా ఆ పిల్లల్లో ఒకడు. ముసలితనంలో ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయేదని అమ్మ అంటుంది.

కుర్చీ దిగి, వాకర్ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ లోపలికి పోయింది. ఆగి ఊపిరి తీసుకుని, మళ్లీ నడిచింది. మేమెవరం చెయ్యి వేయలేదు, పక్కనే ఉన్నాం అంతే. పటం ముందు నిలబడి "మా నాయన తరఫున దణ్ణం సామీ" అన్నది. బాబు ఫొటో తీయబోతే నేనే వద్దన్నాను.

శనివారం, ఎగ్మూరు

భూమి కింద పోయే రైలు ఎక్కుతానని అమ్మ ముందే చెప్పింది. తేనాంపేట నుంచి మెట్రో ఎక్కి, సెంట్రల్‌లో మారి ఎగ్మూరులో దిగాం. రోడ్డు మీంచి లిఫ్టు, కింద ఇంకో లిఫ్టు, ప్లాట్‌ఫారానికీ పెట్టెకీ మధ్య అరచెయ్యంత సందు కూడా లేదు. పెట్టెలో వీల్‌చైర్ నిలపడానికి చోటుంది. నెల్లూరు స్టేషన్లో రైలెక్కడానికి నలుగురు పట్టిన మనిషి, ఇక్కడ తనే తోసుకుని ఎక్కింది. ఎక్కి, "అంతేనా?" అని అడిగింది.

మ్యూజియం 1851లో పెట్టింది. పెద్ద ఆవరణ, ఎర్ర భవనాలు, చల్లటి చెట్లు. ఒక పూటలో అంతా చూడాలనుకోవద్దు, ముఖ్యంగా వీల్‌చైర్‌తో. మేం రెండే పెట్టుకున్నాం, కంచు విగ్రహాలు, అమరావతి శిల్పాలు. సిబ్బంది ఇద్దరు దారి చూపించి, కష్టమైన చోట ఓపిగ్గా చెయ్యేశారు.

కంచు విగ్రహాల్లో తిరువెన్‌కాడు అర్ధనారీశ్వరుడి ముందు అమ్మ ఆగిపోయింది. కుడి సగం శివుడు, తొడల దాకా పొట్టి బట్ట. ఎడమ సగం పార్వతి, చీలమండ దాకా పల్చటి చీర, కుచ్చిళ్ల గీతలు ఒక్కొక్కటీ కనబడతాయి. భుజం కూడా రెండు వైపులా ఒకటి కాదు, ఒకటి విశాలంగా, ఒకటి జారినట్టు. "ఒకే ఒంటికి రెండు కొలతలు తీసుకున్నాడు చూడు" అన్నది అమ్మ. వెయ్యేళ్ల కిందటి ఆ శిల్పి తన పక్క షాపువాడైనట్టు మాట్లాడింది.

అమరావతి గదిలో ఇంకా ఎక్కువ సేపు పట్టింది. 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ అమరావతి బౌద్ధ స్తూపం చూశాడు, 1845లో ఇంకో అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు చేరాయి, అందులో చాలావాటిని 1859లో లండన్‌కు పంపారు. మన అమరావతి పలకల్లో చాలావాటి కోసం మనం ఎగ్మూరుకో లండన్‌కో పోవాలి. ఇది నాకు ప్రతిసారీ మనసులో గుచ్చుకుంటుంది. కానీ పలక ముందు నిలబడితే ఆ కోపం కాసేపు పక్కకు పోతుంది.

నాలాగిరి ఏనుగు పలక ఉంది, గుండ్రంగా. ఎడమ వైపు మదమెక్కిన ఏనుగు ఒక మనిషిని తొండంతో విసిరేస్తోంది, జనం చెల్లాచెదురవుతున్నారు. కుడి వైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద ఉంది. పైన మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు వంగి చూస్తున్నారు. నిలబడ్డ నాకు ఆ కిటికీలు ముందు కనిపించాయి. కుర్చీలో ఉన్న అమ్మ కళ్లకు ఏనుగు మోకాళ్లే ఎదురుగా ఉన్నాయి. "పాపం, అంత బరువున్న జీవి అట్టా వంగాలంటే ఎంత నొప్పి" అన్నది. పుస్తకాల్లో ఈ పలక బొమ్మ ఎన్నిసార్లు చూశానో, ఆ మోకాళ్లను మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం బయట అరిటాకు భోజనం, మనిషికి నూట ఎనభై. రసం బాగుంది. అప్పడాలు అడిగినన్ని వేశారు.

ఆదివారం, మెరీనా

తెల్లవారుజామున ఐదున్నరకే బీచ్ రోడ్డు మీదున్నాం. ఆ వేళకు కారు ఎక్కడైనా ఆపుకోవచ్చు, ఇసుక చల్లగా ఉంటుంది, సాయంత్రం ఉండేంత జనం ఉండరు. వివేకానంద ఇల్లం ఎదురుగా దిగాం. గుండ్రటి గోడలతో ఉన్న ఆ భవనాన్ని 1842లో ఐస్ దాచడానికి కట్టారు. అమెరికా నుంచి ఓడల్లో గడ్డలు గడ్డలుగా తెచ్చేవాళ్లు. వివేకానందుడు 1897లో అక్కడ బస చేశాడు.

దాని దగ్గర్లోనే ఇసుక మీద చెక్క బాట ఉంది. వీల్‌చైర్ల కోసమే వేసింది, 2022 నవంబర్‌లో తెరిచారు. పొడవు 263 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. తెరిచిన రెండు వారాలకే మాండూస్ తుఫాను దాన్ని దెబ్బతీస్తే మళ్లీ బాగుచేశారు. రెండు పక్కలా కడ్డీలున్నాయి. అమ్మ బాట మొదట్లో ఆగి, టేపు తీసి బాబుకిచ్చింది. అడ్డంగా రెండు టేపులు పట్టింది.

"ఎవరూ రావొద్దండి, నేనే పోతా" అని మా ఆయనతో చెప్పింది. చక్రాలు చెక్క మీద టకటకమంటూ పోతుంటే మేం వెనక మెల్లగా నడిచాం. కొంత దూరం పోయాక ఆగుతుంది, చేతులు దులుపుకుంటుంది, మళ్లీ పోతుంది. చివరికి చేరేసరికి జాకెట్ చంకల దగ్గర తడిసిపోయింది, ముఖం ఎర్రబడింది. కడ్డీ పట్టుకుని లేచి నిలబడింది. బాట అంచుకీ నీళ్లకీ మధ్య ఇంకా కొంత ఇసుక ఉంది. కాళ్లు తడుపుకోవడం కుదర్లేదు. ఆ లోటు లోటే. కానీ తుంపర మొహాన పడుతోంది, సూర్యుడు సగం పైకొచ్చాడు, ఆమె పక్కన ఊతకర్రలతో వచ్చిన ఒకాయన ఫ్లాస్కులోంచి టీ తాగుతున్నాడు.

ఊడుస్తున్న ఒక పారిశుధ్య కార్మికురాలు మా మాటలు విని ఆగింది. "ఏ ఊరమ్మా?" అని తెలుగులోనే అడిగింది. వాళ్ల తాత కందుకూరు పక్క నుంచి పని కోసం మద్రాసు వచ్చాడంట. పుట్టింది, పెరిగింది ఇక్కడే, ఇంట్లో మాత్రం తెలుగే. మద్రాసును తరతరాలుగా శుభ్రం చేసినవాళ్లలో మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మనం వాళ్లను తలుచుకోం. అమ్మ ఊరగాయ సీసా తీసి మిగిలింది మొత్తం ఆమెకిచ్చేసింది. ఆమె కొంగుముడి విప్పి బాబుకు ఇరవై రూపాయలివ్వబోతే వాడు నా వైపు చూశాడు. తీసుకోమన్నాను. కాదంటే ఆమెను చిన్నబుచ్చినట్టు.

ఎదర ఎర్ర తెల్ల చారల లైట్‌హౌస్ కనిపిస్తుంటే, దానికి లిఫ్టు ఉందని అమ్మకు చెప్పాను. "చాల్లే, కళ్లు తిరుగుతాయి" అని తనే వద్దంది. బాబు అలిగాడు. మెరీనాలో సుండల్ (గుగ్గిళ్లు) సాయంత్రమే దొరుకుతుందనీ అలిగాడు. తిరిగొచ్చే దారిలో వేడి మిరపకాయ బజ్జీతో సర్దుకున్నాడు.

ఇంటికొచ్చాక

బస, తిండి, కార్లు, గాజులు, టికెట్లు అన్నీ కలిపి ఇరవై ఆరు వేల దాకా అయింది.

సోమవారం పొద్దున్నే అమ్మ కాగితం, పెన్ను తెమ్మంది. కిందటి కార్తీకంలో నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌కి పోతే తను కారులోనే కూర్చోవాల్సి వచ్చింది, ఇసుకలో కుర్చీ దిగబడుతుందని. మైపాడులో చెక్క బాట వేయమని కలెక్టరు గారికి అర్జీ పెట్టుకుంటుందంట. ఆమె చెబుతుంటే నేను రాశాను. కడ్డీలు రెండు పక్కలా ఉండాలని రాయించింది, మొదట్లో గడప ఉండకూడదని రాయించింది. వెడల్పు దగ్గర నేను రెండు మీటర్లు అని రాయబోతే ఆపింది. "మూడని రాయి పాపా. పోయే కుర్చీ ఒకటే ఉండదు, వచ్చే కుర్చీ కూడా ఉంటుంది."